రైలుకి డ్రైవరున్నాడు, మురుగునీటికెవరు?

రైల్వే కాలనీలో పెరిగిన పిల్లలకి అక్షరాలు రాకముందే ‘సైన్ ఆన్’ అనే మాట వచ్చేస్తుంది. ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్‌లో అయితే మరీను. నాన్న అర్ధరాత్రి డ్యూటీకి వెళ్లాడంటే ముందు డ్రైవర్లు హాజరు వేసుకునే లాబీకి వెళ్లి సైన్ ఆన్ చేస్తాడు. మిషన్‌లో ఊది తాగలేదని చూపిస్తాడు. దారిలో ఎక్కడెక్కడ వేగం తగ్గించాలో రాసున్న కాషన్ ఆర్డర్ చదివి సంతకం పెడతాడు. ఎంత సీనియర్ డ్రైవరైనా సరే, ఒక సెక్షన్‌లో మూడు నెలలకు మించి బండి నడపకపోతే మళ్లీ ఆ దారి నేర్చుకోవాల్సిందే. దాన్ని ఎల్‌ఆర్ అంటారు, లెర్నింగ్ రోడ్. ఎక్కడ ఎక్కుడు, ఎక్కడ దిగుడు, ఏ వంపు దాటాక సిగ్నల్ కనబడుతుంది అన్నవి కాగితం మీద చదివితే చాలదు, మనిషి ఇంజిన్‌లో కూర్చుని కళ్లారా చూడాలని రైల్వే నమ్మకం. ఇవి కాక కళ్ల పరీక్షలు, రిఫ్రెషర్ కోర్సులు, సేఫ్టీ సెమినార్లు. ఇంజిన్ ఎంత కొత్తదైనా, నడిపేవాడు ఎప్పటికప్పుడు నేర్చుకుంటూ ఉండకపోతే బండి భద్రంగా గమ్యం చేరదని ఈ ఊరికి నూరేళ్లకు పైగా తెలుసు.

అదే ఊళ్లో, అర్పా నది దిగువన దోముహానీ దగ్గర, చిల్హాటీ దగ్గర మురుగునీటి శుద్ధి ప్లాంట్లు ఉన్నాయి. వాటిని నడిపే మనిషి కూడా ఇంజిన్ డ్రైవరు లాంటివాడే. ఆయన చేతిలో ఉన్నది కోట్లాది సూక్ష్మజీవులతో బతికే యంత్రం. దానికి గాలి తగ్గితే ఊపిరాడదు, తిండి తగ్గితే నీరసపడుతుంది, విషం తగిలితే చచ్చిపోతుంది. మరి ఆ మనిషికి ఎల్‌ఆర్ ఏది? రిఫ్రెషర్ ఏది? దేశంలో ఏ ప్లాంటు గేటు ముందు నిలబడి అడిగినా ఈ ప్రశ్నకు సరైన జవాబు దొరకడం కష్టం.

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2021లో వెలువరించిన లెక్కలు చూడండి. అప్పటికి దేశంలోని పట్టణాల నుంచి 72,368 ఎంఎల్‌డీల మురుగునీరు వస్తోంది. ఒక ఎంఎల్‌డీ అంటే రోజుకు పది లక్షల లీటర్లు. శుద్ధి చేయడానికి కట్టుకున్న సామర్థ్యం 31,841. నిజంగా శుద్ధి అవుతున్నది 20,235. మొదటి రెండు అంకెల మధ్య తేడా గురించి అందరూ మాట్లాడతారు. అది డబ్బు కొరత, కట్టడాల కొరత. రెండో అంకెకీ మూడో అంకెకీ మధ్య ఉన్న తేడా గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. పదకొండు వేల ఎంఎల్‌డీలకు పైగా సామర్థ్యం కట్టి కూడా వాడుకోలేకపోతున్నాం. ఛత్తీస్‌గఢ్‌ లెక్క ఇంకా బాధ కలిగిస్తుంది. మురుగు 1,203 ఎంఎల్‌డీలు, కట్టుకున్న సామర్థ్యం 73, అప్పటికి శుద్ధి అవుతున్నది 6. ఆంధ్రప్రదేశ్‌లో అప్పట్లో 833 కట్టి 309 వాడుతున్నారు. తెలంగాణ కాస్త మెరుగు, 901కి 706.

ఈ తేడాకు కారణాలు చాలానే ఉన్నాయి. ప్లాంటు పూర్తయినా ఇళ్ల నుంచి కనెక్షన్లు రాకపోవడం, కాలువల మళ్లింపు సగంలో ఆగిపోవడం, కరెంటు బిల్లు కట్టలేకపోవడం. అన్నీ నిజమే. కానీ వాటితో పాటు చెప్పుకోవలసిన కారణం ఇంకొకటుంది. ప్లాంటుని ఆస్తిగా చూస్తున్నాం తప్ప, దాన్ని నడపడం ఒక వృత్తి అని ఒప్పుకోవడం లేదు.

ఒప్పుకోకపోవడానికి లోతైన కారణం ఉంది. దాని గురించి మాట్లాడాలంటే మన తెలుగువాళ్ల వలస గురించి కూడా మాట్లాడాలి. 1887లో బెంగాల్ నాగపూర్ రైల్వే పుట్టింది. కొన్నేళ్లకే ఆ లైను బిలాస్‌పూర్ మీదుగా సాగింది. వాల్తేరు నుంచి కటకం వైపు వెళ్లే దారి కూడా తర్వాత దాని చేతికే వచ్చింది. 1931లో విజయనగరం, పార్వతీపురం, రాయగడ మీదుగా రాయపూర్ దాకా లైను పూర్తయింది. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి ఖరగ్‌పూర్, టాటానగర్, చక్రధర్‌పూర్, బిలాస్‌పూర్ కాలనీలకు తెలుగు కుటుంబాలు చేరింది ఈ పట్టాల మీదుగానే. ఫిట్టర్లు, ఫైర్‌మన్లు, గ్యాంగ్‌మన్లు, క్లర్కులు అయ్యారు. ఇంట్లో తెలుగు, వీధిలో ఛత్తీస్‌గఢీ, ఆఫీసులో హిందీ. ఇప్పటికీ తిరుపతి బండికో, విశాఖ బండికో స్టేషన్‌కి వెళితే ప్లాట్‌ఫారం మీద ఉత్తరాంధ్ర యాస వినిపిస్తుంది.

ఆ వలసలో అందరికీ ఒకే తలుపు తెరుచుకోలేదు. మన కోస్తా పట్టణాల్లో మునిసిపాలిటీల పాకీ పని తరతరాలుగా రెల్లి వంటి కులాల నెత్తిన పెట్టారు. మురుగు ముట్టుకునే పనికి చదువు అక్కర్లేదని, అది ఫలానావాళ్ల పని అని సమాజం తీర్పు ఇచ్చేసింది. ఇనుము ముట్టుకునేవాడు కార్మికుడయ్యాడు, మురుగు ముట్టుకునేవాడు అంటరానివాడయ్యాడు. కోలార్ బంగారు గనుల్లో పారిశుద్ధ్య కార్మికుల కుటుంబంలో పుట్టిన తెలుగువాడు బెజవాడ విల్సన్ జీవితమంతా ఈ తీర్పు మీదే పోరాడుతున్నారు. ఎస్.ఆర్. శంకరన్ లాంటి అధికారి పదవీ విరమణ తర్వాత ఆ ఉద్యమానికి అండగా నిలిచారు. 2013లో పాకీ పనిని నిషేధిస్తూ చట్టం వచ్చింది, 2014 మార్చిలో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. 2023 అక్టోబరులో అదే కోర్టు మురుగు గుంటల్లో చనిపోయినవారి కుటుంబాలకు పరిహారాన్ని 30 లక్షలకు పెంచింది. ఇన్ని జరిగినా, శుద్ధి ప్లాంటు ఆపరేటరుని సాటి సాంకేతిక నిపుణుడిగా చూడటానికి మన మనసు ఇంకా తడబడుతూనే ఉంది. కాంట్రాక్టరు చీటీ మీద ఆయన పేరు ‘హెల్పర్’ అని ఉంటే ఎవరూ ఆశ్చర్యపోరు.

ఆయన పని ఏమిటో దగ్గర నుంచి చూసినవాళ్లకు ఆ మాట మింగుడుపడదు. ఈ రైలు దారి మీదే ఉన్న ఒక ఊళ్లో, ఊరి పేరు చెప్పను, ఒక ప్లాంటుకి వెళ్లాను. షిఫ్టు మనిషి శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుటుంబానికి చెందినవాడు. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ చదివాడు, వయసు నలభై దాటింది. గాలి ఊదే తొట్టి గట్టు మీదికి తీసుకెళ్లి, తాడు కట్టిన చిన్న బకెట్టు దింపి, గోధుమ రంగు నీళ్లు తోడాడు. లీటరు గాజు కొలజాడీలో పోసి నీడలో పెట్టాడు. గడియారం చూసుకుని, “అరగంట ఉండండి బాబూ, అదే చెప్తాది” అన్నాడు.

ఆ అరగంటలో జాడీ నిజంగానే మాట్లాడింది. ముందు అంతా కలిసి ఉన్న నీళ్లలో మేఘాల్లాంటి తునకలు ఏర్పడ్డాయి. అవి ఒకదాన్నొకటి పట్టుకుని మెల్లగా కిందికి దిగాయి. పైన తేటనీరు, కింద బురద, రెండింటి మధ్య గీత గీసినట్టు స్పష్టంగా తేలింది. ముప్పయ్యో నిమిషాన బురద మట్టం ఎక్కడ ఆగిందో చూసి పుస్తకంలో రాసుకున్నాడు. బురద మరీ పైనే వేలాడుతుంటే సన్నటి దారాల్లాంటి బ్యాక్టీరియా పెరిగిందని అనుమానించాలి. దబ్బున కింద పడిపోయి పైనీరు మసకగా మిగిలితే బురద ముసలిదైందని అనుమానించాలి. తొట్టి మీద నురగ తెల్లగా ఉంటే బురద ఇంకా లేతదని. చిక్కగా, జిడ్డుగా, ముదురు గోధుమ రంగులో ఉంటే కొంత బురద తీసి పారేయాలని. మంచి తొట్టి తొలకరి వాన పడ్డ మట్టి వాసన వేస్తుంది. కుళ్లిన గుడ్డు వాసన వచ్చిందంటే ముందు బ్లోయర్ వైపు పరిగెత్తాలి. ఇవన్నీ ఆయన ఏ తరగతిలోనూ నేర్చుకోలేదు. ముందున్న షిఫ్టు మనిషి దగ్గర కొంత, తప్పులు చేసి కొంత నేర్చుకున్నాడు.

అడిగితే ఒకటే బాధ చెప్పాడు. ఒకసారి కరెంటు పోయి, జనరేటర్ డీజిల్ లేక బ్లోయర్లు గంటల తరబడి ఆగాయట. పుస్తకంలో ఉన్నదున్నట్టు రాస్తే పైవాళ్లకు కోపం వచ్చిందట. ఆ పేజీ తిరగరాయమన్నారట. బండి ఆలస్యమైతే ఏ స్టేషన్‌లో ఎన్ని నిమిషాలో రాసుకునే ఊళ్లలో, బ్యాక్టీరియాకి ఎన్ని గంటలు ఊపిరి ఆగిందో రాయడం తప్పెలా అయింది? శుద్ధి ప్లాంటు జబ్బుపడిందని ముందుగా తెలిసేది ఆ లాగ్‌బుక్ వల్లే. దాన్ని తిరగరాయిస్తే, డాక్టరు జ్వరం చీటీ మార్చినట్టే.

అందుకే ఆపరేటర్ల సమావేశాలు కావాలంటున్నాను. ఇంజనీర్లకు, కన్సల్టెంట్లకు, పరికరాలు అమ్మే కంపెనీలకు సదస్సులు బోలెడున్నాయి. పంపు వాల్వు తిప్పే మనిషి ఆ హాళ్లలోకి అడుగుపెట్టే సందర్భం అరుదు.

ఈ శాస్త్రం పుట్టిందే ప్లాంటులో పనిచేసేవాళ్లు మాట్లాడిన సభలో అన్న సంగతి గుర్తుచేసుకోవాలి. 1914 ఏప్రిల్ 3న మాంచెస్టర్‌లో రసాయన పరిశ్రమల సంఘం సమావేశం జరిగింది. డేవీహ్యూమ్ మురుగునీటి ప్లాంటులో పనిచేసే ఎడ్వర్డ్ ఆర్డర్న్, విలియం లాకెట్ తాము చేసిన ప్రయోగాన్ని అక్కడ వినిపించారు. మురుగునీటిలో గాలి ఊదితే శుభ్రపడుతుందని అప్పటికే కొందరికి తెలుసు, కానీ వారాలకు వారాలు పట్టేది. ఆర్డర్న్, లాకెట్ చేసిన పని చాలా చిన్నదిగా కనిపిస్తుంది. అడుగున పేరుకున్న బురదను పారబోయకుండా ఉంచుకుని, దాని మీదే కొత్త మురుగు పోశారు. మళ్లీ గాలి ఊదారు. మళ్లీ బురద ఉంచుకున్నారు. అయిదు వారాల పని చివరికి ఒక్క రోజు లోపలికి వచ్చింది. నేటికీ ప్రపంచంలోని పెద్ద ప్లాంట్లలో చాలావాటికి ఆ బురదే ప్రాణం. వాళ్లను ఆ దారి పట్టించిన గిల్బర్ట్ ఫౌలర్ 1916లో బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థకు ఆచార్యుడిగా వచ్చారు. ఆ పద్ధతి టాటాల ఉక్కు పట్టణం జంషెడ్‌పూర్‌కీ చేరింది. మన దేశంలో దాన్ని తొలినాళ్లలో అందుకున్న ఊళ్లలో అదొకటి.

జంషెడ్‌పూర్ ఎక్కడుంది? హౌరా నుంచి నాగపూర్ వెళ్లే మన పట్టాల మీదే. అదే లైను మీద పడమటి దిక్కున నాగపూర్ ఉంది. జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ, నీరీ, 1958 నుంచి అక్కడే ఉంది. భాండేవాడీలో శుద్ధి అయిన నగర మురుగునీరు కోరాడీ థర్మల్ విద్యుత్ కేంద్రానికి వెళుతోంది. ఈ రెండు ఊళ్ల మధ్య, ఆగ్నేయ మధ్య రైల్వే కేంద్ర కార్యాలయం ఉన్న బిలాస్‌పూర్ కూర్చుని ఉంది. దేశంలో ఈ విద్యకు పాత చిరునామా ఒక కొసన, పెద్ద చిరునామా ఇంకో కొసన ఉంటే, మధ్య ఊరి ఆపరేటరు ఈ రెంటినీ చూడకుండానే రిటైరవడం న్యాయమేనా?

బిలాస్‌పూర్‌లో ఏటా రెండు రోజుల సమావేశం పెట్టడం అసాధ్యమేమీ కాదు. ఖర్చు ఒక బ్లోయర్ రిపేరు బిల్లుకి మించదని నా అంచనా. నగర పాలక సంస్థలు, రైల్వే, బొగ్గు గనులు, ఉక్కు, విద్యుత్ సంస్థలు, ఎవరి టౌన్‌షిప్ ప్లాంట్లు వాళ్లకున్నాయి. వాటిని నడిపేవాళ్లనే పిలవాలి. అధ్యక్షోపన్యాసాలు, శాలువాలు తగ్గించి, మొదటి రోజు ఉదయం ప్రతి ప్లాంటు వాళ్లనీ తమ లాగ్‌బుక్‌లో చెడ్డ వారం ఒకటి తెరిచి చెప్పమనాలి. చెప్పినందుకు ఎవరి ఉద్యోగం మీదికీ రాదన్న హామీ ముందే లిఖితంగా ఇవ్వాలి. రైల్వే సేఫ్టీ సెమినార్లలో ప్రమాదాల విశ్లేషణ ఎలా చేస్తారో చూసినవాళ్లకు ఈ పద్ధతి కొత్త కాదు.

రెండో రోజు ప్లాంటు చూడటం. ఇందులో ఒక జాగ్రత్త అవసరం. మన దగ్గర ప్లాంటు చూపించడమంటే గేటు దగ్గర ముగ్గు, పూలకుండీలు, చివర్లో తేటనీటి గ్లాసు. ఆపరేటర్లకు కావలసింది అది కాదు. ఇన్‌లెట్ దగ్గర బార్ స్క్రీన్‌కి ఏం చిక్కుకుందో చూడాలి. గుడ్డపీలికలు, ప్లాస్టిక్ కవర్లు, శానిటరీ ప్యాడ్లు, గుడి పూలదండలు, ఊరి బతుకంతా అక్కడ వేలాడుతుంది. ఇసుక గదిలో ఇసుక ఎంత పడుతోంది, వానాకాలంలో ఎంత పెరుగుతోంది అడగాలి. విప్పి పడేసిన పంపు ఇంపెల్లర్ ఎలా అరిగిందో చేత్తో తడిమి చూడాలి. ఎండబెట్టిన బురద ఎక్కడికి పోతోందో దాని వెనకాలే నడిచి వెళ్లి చూడాలి. అందరూ తమ తమ ప్లాంట్ల నుంచి తెచ్చిన నీళ్లతో జాడీలు వరసగా పెట్టి, అరగంట సేపు పక్కపక్కనే నిలబడాలి. అంతకంటే మంచి పాఠ్యపుస్తకం లేదు.

అమెరికాలో ప్లాంటు బాధ్యత తీసుకోవాలంటే రాష్ట్రం ఇచ్చే లైసెన్సు ఉండాలి. పరీక్ష రాసి, అనుభవం చూపించి ఒక్కో గ్రేడు ఎక్కాలి. ఇలాంటి సమావేశాల్లో గడిపిన గంటలు లైసెన్సు పునరుద్ధరణకు లెక్కకొస్తాయి. అక్కడి నీటి పర్యావరణ సమాఖ్య ఏటా ఆపరేటర్ల జట్లకు పోటీ పెడుతుంది. పగిలిన పైపు బాగుచేయడం, పంపు సర్వీసింగ్, ల్యాబ్ పరీక్షలు, మ్యాన్‌హోల్‌లో పడిపోయినవాణ్ణి బయటికి తీయడం, అన్నీ గడియారం పెట్టి చేయిస్తారు. మన కేంద్ర ప్రజారోగ్య, పర్యావరణ ఇంజనీరింగ్ సంస్థ కూడా 2013 నాటి మాన్యువల్‌లో నిర్వహణకే ఒక భాగం మొత్తం కేటాయించింది. పుస్తకం ఉంది. చదివిన మనిషికి హోదా మాత్రం దక్కడం లేదు.

భద్రత విషయంలో ఈ లోటు ప్రాణాలకే ముప్పు. కుళ్లిన గుడ్డు వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్ గాఢత పెరిగితే ముక్కు దాని వాసన పట్టడం మానేస్తుంది. వాసన పోయింది కదా, గాలి బాగుపడిందనుకుని లోపలికి దిగుతారు. మొదటివాడు పడిపోతే కాపాడబోయి రెండోవాడు, వాడి వెనక మూడోవాడు. 2018 ఫిబ్రవరిలో చిత్తూరు జిల్లా పలమనేరు దగ్గర వ్యర్థాల తొట్టిలో ఏడుగురు ఇలాగే పోయారు. గ్యాస్ మీటరు లేకుండా దిగకూడదని, బయట తాడు పట్టుకునే మనిషి లేకుండా మూత తీయకూడదని గోడ మీద రాస్తే సరిపోదు. చేసి చూపించాలి, చేయించాలి, ఏడాదికోసారి మళ్లీ చేయించాలి.

బిలాస్‌పూర్‌కి ఈ పని తొందరగా పట్టవలసిన కారణం అర్పా. ఛత్తీస్‌గఢ్ రాష్ట్ర గీతంలో మొదట వచ్చే పేరు ఈ నదిదే. వానలకు పొంగి, ఎండల్లో ఇసుకగా మిగిలే నది. ఊళ్లో ఏడాది పొడవునా నీళ్లు నిలవాలని పచరీ ఘాట్, శివ్ ఘాట్‌ల దగ్గర బ్యారేజీలు తలపెట్టారు. మంచిదే. కానీ పారే నదిలో కలిసిన మురుగు దిగువకు పోతుంది, నిలిపిన నీటిలో కలిసిన మురుగు అక్కడే ఉండిపోతుంది. నాలాలను మళ్లించి శుద్ధి చేయకుండా నీరు నిలిపితే దోమలకు, గుర్రపుడెక్కకు చెరువు కట్టినట్టవుతుంది. ఈ నది గురించి హైకోర్టు ఏళ్లుగా వ్యాజ్యాలు వింటోంది. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019 ఏప్రిల్‌లో శుద్ధి చేసిన నీటిలో బీఓడీ, అంటే మిగిలిన సేంద్రియ మురికికి కొలత, లీటరుకు 10 మిల్లీగ్రాములు దాటకూడదంది. అంత తేటగా రావాలంటే కాంక్రీటు ఎంత ముఖ్యమో, తొట్టి గట్టు మీద రాత్రి షిఫ్టు మనిషి అంత ముఖ్యం.

డబ్బు దారి కూడా లేకపోలేదు. 2016 నాటి జాతీయ విద్యుత్ టారిఫ్ విధానం ప్రకారం, మురుగు శుద్ధి ప్లాంటుకి 50 కిలోమీటర్ల లోపల ఉన్న థర్మల్ కేంద్రాలు శుద్ధి చేసిన నీటినే వాడాలి. 2,980 మెగావాట్ల సీపత్ కేంద్రం బిలాస్‌పూర్ జిల్లాలోనే, ఆ దూరం లోపలే ఉంది. నీరు అమ్ముడుపోవాలంటే రోజూ ఒకే నాణ్యత రావాలి, కొనేవాడు నమ్మాలి. ఆ నమ్మకం ఆపరేటరు చేతిలో ఉంది. అలాంటప్పుడు నిర్వహణ టెండరు తక్కువ ధరకు కోట్ చేసినవాడికే ఇచ్చి, వాడు జీతాల్లో కోత పెడితే చూస్తూ ఊరుకోవడం ఏ లెక్కన లాభం? టెండరు షరతుల్లో శిక్షణకు, ఏటా ఇతర ప్లాంట్ల సందర్శనకు విడిగా సొమ్ము పెట్టి, ఆ సొమ్ము ఇంకోదానికి వాడకూడదని రాయాలి.

తెలుగు రాష్ట్రాలు ఈ మాట ఇంకా గట్టిగా వినాలి. హైదరాబాద్‌లో 3,866 కోట్ల రూపాయలతో 31 కొత్త ప్లాంట్లు, 1,259.5 ఎంఎల్‌డీల సామర్థ్యంతో తలపెట్టారు. షిఫ్టుకి ఇద్దరు, మూడు షిఫ్టులు, ఇద్దరు రిలీవర్లు అనుకున్నా ప్లాంటుకి ఎనిమిది మంది చొప్పున దాదాపు 250 మంది కావాలి. 339 ఎంఎల్‌డీల అంబర్‌పేట ప్లాంటులో ఏళ్ల తరబడి చేయి తిరిగినవాళ్లున్నారు. వాళ్లను గురువులుగా కూర్చోబెట్టి, ఆంధ్ర పట్టణాల నుంచి, మన రైలు దారుల మీది తెలుగు కుటుంబాల నుంచి కుర్రాళ్లను అక్కడికి ఎల్‌ఆర్‌కి పంపవచ్చు. ఐటీఐలో తెలుగులో, హిందీలో ఆరు నెలల పాఠం పెట్టవచ్చు. పేరు ‘హెల్పర్’ నుంచి ‘ఆపరేటర్ గ్రేడ్-1’కి మారితే పెళ్లిచూపుల్లో కూడా తేడా కనబడుతుంది. ఇది చిన్న విషయమని ఆ ఇళ్లలో పెరిగిన వాళ్లెవరూ అనరు.

నేను చూసిన ఆ షిఫ్టు మనిషి వెళ్లబోయే ముందు తన ఫోను తీసి చూపించాడు. అందులో పిల్లల ఫోటోల మధ్య వందలకొద్దీ జాడీ ఫోటోలు. ప్రతి రోజూ ఒకటి, అరగంట తర్వాత తీసినవి. వర్షం పడ్డ రోజు, కరెంటు పోయిన రోజు, దీపావళి మర్నాడు. బురద గీత ఎక్కడుందో వేలితో చూపిస్తూ ఒక్కొక్కటీ జరిపాడు. ఎవరికైనా పంపుతుంటావా అని అడిగాను. లేదన్నాడు. కాసేపాగి, “నాగపూర్ ప్లాంట్ల జాడీ ఎలా దిగుతాదో మీకేటైనా తెల్సా బాబూ?” అని అడిగాడు.